ఎడం చెవి రబ్బరు

మా ఊరి భజన బృందంలో తాళాలు వేసేది నేను. ఇత్తడి జత, పెద్దవి. వాటి తాడు అరిగిపోతే నేనే మార్చేవాణ్ణి, చింతపండు పెట్టి నేనే తోమేవాణ్ణి. పద్నాలుగేళ్లు అవి నా చేతిలోనే ఉన్నాయి. వాటిని నా దగ్గర్నుంచి తీసుకున్న సాయంత్రం ఎవరు ఏ చాప మీద కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

మా గురువుని ఊరంతా మావ అంటుంది. ఆయన గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఆయనకి కుడివైపు మద్దెల ముందు మా బావ. నా భార్యకి అన్న. నేను అతన్ని, అతను నన్ను బావా అనే పిలుచుకుంటాం. మిగిలినవాళ్లు అర్ధచంద్రంలా. మావ నా ముఖం వంక చూడకుండా, తలుపు వైపు చూస్తూ అన్నాడు.

"తాళాలు అటియ్యిరా. కొన్నాళ్లు ఎనక్కూకుని వంత పాడు. సెవి బాగయినాక సూద్దుం."

నా చెవికి ఏమీ కాలేదని చెప్పాను. నా పక్కన కూర్చునేవాడు, నేను తాడు ముడి వేయడం నేర్పినవాడు, చెయ్యి చాపాడు. ఇచ్చేశాను.

ఇదంతా చెవిలో పెట్టుకునే చిటికెన వేలి గోరంత రబ్బరు వల్ల జరిగింది. అది కొన్నాక ఆ సంగతి తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పాటల ఫోన్లు అప్పుడప్పుడే మా వైపు వస్తున్న రోజులు. ఆ ఏడు టెక్కలిలో భజన పోటీ పెట్టారు. ఉద్దానం ఊళ్ల నుంచి చాలా బృందాలు వస్తున్నాయని తెలిసి మావ పట్టుదల పట్టాడు. మా సాధన అంతా ఒకరి ఫోనులో రికార్డు చేయించి, ఎవరి తప్పు వాళ్లు ఇంటి దగ్గర విని దిద్దుకోవాలన్నాడు. అందరూ ఫోను స్పీకర్లో విన్నారు. అందులో ఏం వినబడుతుంది? మద్దెల అగ్గిపెట్టె మీద వేళ్లతో కొట్టినట్టు ఉండేది. నేను ఏ పనైనా చేస్తే సరిగ్గా చేసేవాణ్ణి. అందుకని పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గ వెళ్లి, పాటలు ఎక్కించుకునే చిన్న ప్లేయరు, చెవి లోపలికి దూరే రకం ఇయర్‌ఫోన్లు కొన్నాను.

దుకాణదారు మర్యాదగానే ఇచ్చాడు. కానీ పెట్టెలోంచి చిన్న కవరు తీసి, దాంట్లోని రబ్బర్లు గాజు బల్ల మీద పోశాడు. చిన్నవి, నడిమివి, పెద్దవి.

"మీకేది పడితే అది తొడుక్కోండి. రెండు చెవులకీ ఒక్క సైజే పడాలని లేదు. మీ ఎడమ చెవి దారి కొంచెం వెడల్పులా ఉంది."

దుకాణంలో ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ నా చెవి వంక చూశారు. కొనడానికి వచ్చినవాడి చెవి కొలతలు నలుగురిలో చెప్పడమేమిటని నాకు ఒళ్లు మండింది. ముందే తొడిగి ఉన్న నడిమి రబ్బర్లే చాలన్నాను. రబ్బర్లు తిరిగి పోసిన కవరు జేబులో వేసుకున్నాను, ఇంటికొచ్చి విప్పనైనా విప్పకుండా బీరువాలో పడేశాను.

మొదటి మూడు నాలుగు వారాలు మాత్రం చాలా బాగా గడిచాయి, అది దాచను. నేను రోజూ పొద్దున్నే సైకిలు మీద ఉప్పు మడుల గట్టున నౌపడ స్టేషనుకి వచ్చి, పాసింజరు పట్టుకుని పలాస జీడి ఫ్యాక్టరీకి పనికి వెళ్లేవాణ్ణి. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ రబ్బర్లు రెండూ చెవుల్లో దూర్చుకుంటే రైలు చప్పుడు దూరంగా వెళ్లిపోయేది. మద్దెల ఎడమ మూత మీద పడే దెబ్బ నా దవడ ఎముకలో తెలిసేది. మావ చరణం ఎత్తుకునే ముందు ముక్కుతో పీల్చే గాలి కూడా వినబడేది. నా తాళం ఎక్కడ వెంట్రుకంత వెనకబడుతోందో కూడా దొరికింది. దిద్దుకున్నాను. ఆ సంగతి ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని నేను అనుకోనూ లేదు.

తర్వాత ఎడమవైపు పలచబడింది. ఒక్కసారిగా కాదు, రోజుకింత. మద్దెలలో బరువు పోయింది. మావ గొంతు ఉంది, తాళాలు గణగణమంటున్నాయి, ఎడమ మూత దెబ్బ మాత్రం లేదు. పైగా కుడి చెవిలో అక్కడక్కడా లేని దెబ్బలు. మధ్యలో ధుబ్ అని ఒకటి, రెండు అడుగుల తర్వాత ఇంకొకటి. తాళానికీ వాటికీ పొత్తు లేదు. పది సార్లు విన్నాను. విన్న ప్రతిసారీ అవి వేరే వేరే చోట్ల పడుతున్నాయి. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రికార్డులోని దెబ్బ చోటు మారదు కదా. కానీ నేను అప్పటికే మా బావ మీద కోపంతో వింటున్నాను. నా పెళ్లిలో అతను నా చెప్పులు దాచినందుకు కాదు, దాచిన చోటు మర్చిపోయి నన్ను ఉత్తికాళ్లతో బస్సెక్కించినందుకు.

ఆదివారం సాధనలో చెప్పేశాను. "మావా, బావ ఎడం చెయ్యి పడ్డం లేదు. లేనిచోట్ల రెండు దెబ్బలు అదనంగా వేస్తున్నాడు."

బావ మద్దెల మీద చేతులు అలాగే ఉంచి నవ్వాడు. "నాను ఏటేత్తన్నానో నాకు తెలీదేటి బావా? ఊరందరికీ ఇనబడతన్నాది. నీకు ఒక్కడికే ఇనబడనేదంటే తప్పు మద్దెలదా, సెవిదా?"

"నేను చెవిలో పెట్టుకుని విన్నాను. మీరంతా గాలిలో విన్నారు."

"మరి సెవిలో దూదేటి?"

దూది ఉన్న మాట నిజమే. అప్పటికి వారం రోజులుగా నా ఎడమ చెవి లోపల మంటగా ఉండేది, పొక్కు లేచి చితికింది. టెక్కలిలో మందులిచ్చే ఆయన చీము పట్టిందని చుక్కలు వేసి దూది పెట్టాడు. బావ ఆ దూదిని ఊరికే వదల్లేదు. మళ్లీ పాట మొదలై, మద్దెల ఇంకా అందుకోకముందే మెల్లగా లేచి నా వెనక్కి వచ్చాడట. ఎడమవైపు వంగి, "బావా, నీ సైకిలు ఎవుడో ఎత్తుకుపోతన్నాడు" అన్నాడట. నేను తిరగలేదు. చెవి నిండా దూది, ముందు పదిమంది పాట, ఎవడు తిరుగుతాడు?

"సైకిలంటేనే తిరగనేదంటే మనోడికి సెవి నేదన్నమాటే" అన్నాడు ఎవడో.

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో మావ కూడా ఉన్నాడు. తాళాలు తీసుకున్నది ఆ సాయంత్రమే. పోటీకి నెల రోజులుంది.

చెవిటివాడు తాళం వేయకూడదు. అందులో నాకు మావతో పేచీ లేదు. నేను చెవిటివాణ్ణి కాననేదే నా పేచీ. అది ఎలా చూపించాలో తెలియలేదు. ఇంట్లో గడియారం టిక్కుటిక్కు ఏ గదిలోంచి వినబడుతుందో నా భార్యకి చెప్పాను. "నాకెందుకు సెబుతారు, ఎళ్లి మా అన్నకి సెప్పండి" అంది.

వస్తువులో తప్పుందని దుకాణానికి పట్టుకెళ్లాను. దుకాణదారు ఎడమది రుమాలుతో తుడిచి, తన చెవిలో పెట్టుకుని, వేలితో లోపలికి నొక్కిపట్టి విన్నాడు.

"బాగానే పలుకుతోందండి."

"మద్దెల వినబడుతోందా?"

"గుమ్ముగా వినబడుతోంది. సరుకులో తప్పు లేదు." తీసి, ఆ రబ్బరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ముఖం అదోలా పెట్టాడు. "మీరు ఏం పని చేస్తారు?"

"జీడి ఫ్యాక్టరీలో."

"అదే, వాసన. చేతులు శుభ్రంగా కడుక్కుని పెట్టుకోండి."

ఆ మాట పక్కన నిలబడిన ఎవరో పంతులు గారు విన్నారు. బయట చెప్పుల దగ్గర నిలబడినవాళ్లు కూడా విన్నారు. కష్టం చేసుకునేవాడి చేతి వాసన గురించి నీకెందుకన్నాను. మోసపు సరుకు అమ్మి నా ఒంటి మీద పెడతావా అన్నాను. గొంతు పెరిగింది. ఆయన చివరికి ఆ వైరు చుట్టి నా చేతిలో పెట్టి, "ఇంక మీ ఇష్టం" అని వేరే వాళ్ల వైపు తిరిగాడు. ఆ దుకాణం ముందు నుంచి వెళ్లకుండా ఉండటానికి తర్వాత రోజూ చుట్టు తిరిగి పలాస స్టేషనుకి నడిచాను. రోజంతా మోసి వచ్చిన కాళ్లకి ఆ చుట్టు తక్కువేం కాదు.

ఫ్యాక్టరీలో నా పని తట్టలు మోయడం. ఆవిరి పట్టిన జీడి పిక్కల్ని ఆడవాళ్లు వరసగా కూర్చుని కాలితో తొక్కే కత్తెర మిషన్ల మీద కొడతారు. తొక్క చీలినప్పుడు దాంట్లోంచి జీడి అనే నల్లటి సొన వస్తుంది. అది తగిలితే చర్మం కాలి నల్లగా ఊడుతుంది. అందుకని వాళ్లు పనికి కూర్చునే ముందు చేతులకి ఆముదం పట్టించి, బూడిద అద్దుకుంటారు. పని దిగాక గంటసేపు కడుక్కుంటారు. మోసేవాళ్లం మగవాళ్లం, మాకు ఆ అలవాటు లేదు. కొట్టేవాళ్లకే అది, మోసేవాడికెందుకనుకునేవాళ్లం. నేను పనిలో చేరిన రోజునే వరసలో మొదట కూర్చునే ఒక పెద్దావిడ, అందరం పిన్నీ అనేవాళ్లం, ఆముదం గిన్నె నా వైపు జరిపి, "రాసుకోరా, తట్టకి కూడా సొనుంటాది" అంది. ఆడవాళ్ల గిన్నె నాకెందుకని నవ్వాను. నా అరచేతులు ఎలాగూ కాయలు కాసి ఉన్నాయి. కాలినా తెలిసేది కాదు.

బావ ఎంత వెక్కిరించినా, దూది తీసి మరీ, తట్టలు మోసేటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మానలేదు. మానితే వాళ్ల మాట ఒప్పుకున్నట్టవుతుంది. కుడిచేత్తో నెత్తి మీది తట్ట పట్టుకునేవాణ్ణి. మేస్త్రీ పిలిస్తే ఎడమచేత్తో ఎడమది లాగి, మాట విని, మళ్లీ అదే చేత్తో దూర్చుకునేవాణ్ణి. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కూడు తింటుంటే పిన్ని నా పక్క నుంచి వెళ్తూ ఆగింది. చెవిలో దూది లేదు. ఆవిడ నా చెవి తమ్మె పట్టుకుని ఎండ వైపు తిప్పింది.

"ఇదేట్రా, సెవికి జీడి తగిలింది?"

"చీము పిన్నీ. డాక్టరు చెప్పాడు."

"ఆ డాక్టరు ఏనాడైనా పిక్క కొట్టినాడేటి? ముప్పయ్యేళ్లు నా ఏళ్లు సూసుకున్నాను నాను. ఇది జీడి కాలుపు. సెవిలో జీడెవుడెట్టినాడ్రా నీకు? నిద్దరోతుంటే నీ పెళ్లామెట్టిందా?"

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ రెండు రబ్బర్లనీ వేళ్ల మధ్య నలిపి చూసింది. కుడిది బిగువుగా ఉంది. ఎడమది జిడ్డుగా, గోధుమరంగు తిరిగి, అంచు ఉబ్బి వదులైపోయి, నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది.

"సొన తాగీసింది" అంది పిన్ని. "సెప్పులకి కూడా ఇంతే. రబ్బరు సెప్పులేసుకుని కొట్టే సెడ్డులో తిరిగితే నెల్లాళ్లకి ఉబ్బిపోతాయి. సమురు రాసుకోరా అంటే ఇన్నావా?"

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కుని, బీరువాలోంచి ఆ కవరు తీశాను. పెద్ద రబ్బరు ఒకటి తీసి ఎడమదానికి తొడిగాను. కుడిదానికి పాతదే ఉంచాను. పెట్టుకున్నాను. చెవి దారి మూసుకున్నట్టయి, బయట మేక అరుపు ఆగిపోయింది. ప్లేయరు నొక్కాను. ఎడమ మూత దెబ్బ దవడలోకి వచ్చింది. మొదటి నెల కంటే బాగా వచ్చింది. నా ఎడమ చెవి దారి నిజంగానే వెడల్పు.

పాత రబ్బరు మళ్లీ తొడిగి విన్నాను. రేకు డబ్బా. వేలితో లోపలికి నొక్కిపట్టాను. మద్దెల తిరిగి వచ్చింది. దుకాణదారు కూడా ఇలాగే నొక్కిపట్టి విన్నాడు. చెవికీ రబ్బరుకీ మధ్య సందుంటే ముందు బయటికి పోయేది బరువైన మోతే. అంతకు మించి దాంట్లో ఏమీ లేదు.

మర్నాడు గెలిచినవాడిలా స్టేషన్లో దిగి ఫ్యాక్టరీకి నడుస్తున్నాను. ధుబ్. మళ్లీ అదే, లేని దెబ్బ. ఈసారి రెండు చెవుల్లోనూ. బావ తప్పైనా మిగిలింది కదా అని నిజంగా సంతోషించాను. ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టుకుందామని రోడ్డు పక్కన ఆగాను. దెబ్బ ఆగింది. నడిచాను, వచ్చింది. ఆగాను, పోయింది. గాలి లేని చోట గోడ పక్కన కదలకుండా నిలబడి పాట మొత్తం విన్నాను. ఒక్క అదనపు దెబ్బ లేదు. అప్పుడు కిందికి చూసుకున్నాను. ఇయర్‌ఫోను వైరు నా చొక్కా మూడో గుండీకి తగులుతోంది. వేలితో వైరు మీద కొట్టాను. చెవిలో మద్దెల మోగింది.

ఎంతసేపు అక్కడ నిలబడ్డానో తెలియదు. ఆ రోజు పనికి ఆలస్యమయ్యాను, మేస్త్రీ తిట్టాడు. ఏమన్నాడో కూడా గుర్తుంది, కానీ అది ఈ కథలోది కాదు.

నా చెవి బాగుందని ఇప్పుడు పదిమందిలో చూపించగలను. చూపిస్తే మాత్రం మా బావ చెయ్యి కూడా బాగున్నట్టే. రబ్బరు సంగతి ఒక్కటే చెప్పి వైరు సంగతి దాచేద్దామా అని రెండు ఆదివారాలు ఆలోచించాను. దాచితే మావ అడుగుతాడు, మరి ఆ అదనపు దెబ్బలేమిటని. వినబడ్డాయంటే చెవి చెడిందంటారు. వినబడలేదంటే అబద్ధమాడానంటారు. పోటీకి వారమే మిగిలింది. వెనక చాప మీద కూర్చుని వంత పాడుతూ, నా తాళాలు వేరేవాడి చేతిలో ప్రతి చరణం చివరా ఎగిరి ముందు పడుతుంటే విన్నాను. అందరూ విన్నారు. మావ తర్వాతి చరణం ఎత్తుకున్నాడు.

చివరికి కాశీబుగ్గ దుకాణానికి వెళ్లాను. వెళ్లే ముందు కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. చొక్కాకి వైరు కదలకుండా పట్టే క్లిప్పు ఏదైనా ఉందా అని అడిగాను. ఏం చెప్పాలో కూడా దారిలో అనుకున్నాను. ఆ రోజు మీరన్నది నిజమేనండి, అంతవరకు. ఆయన సొరుగు కెలికి నల్ల క్లిప్పు ఒకటి తీసి ఇచ్చాడు.

"డబ్బులక్కర్లేదు, తీసుకోండి. కొత్తగా కొన్నారా? చెవికి సరైన సైజు రబ్బరు పెట్టుకోండి, లేకపోతే బేస్ రాదు."

నన్ను గుర్తుపట్టలేదు. మూడు వారాలుగా నేను ఆయన దుకాణం ముందు నుంచి నడవడం మానేశానన్న సంగతి ఆయనకి తెలియనే తెలియదు. గుర్తులేని మనిషికి ఏమని చెప్పను? క్లిప్పు తీసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం సాధనకి పాత రబ్బరు, కొత్త రబ్బరు, క్లిప్పు అన్నీ పట్టుకెళ్లాను. మావ ముందు కూర్చుని, బావని పిలిచి, ఉబ్బిన రబ్బరు తొడిగి అతని చెవిలో పెట్టాను.

"మద్దెల ఎలా ఉంది?"

"డబ్బా కొట్టినట్టున్నాది. ఎవుడిదీ?"

"నీదే."

కొత్తది మార్చి పెట్టాను. బావ కళ్లు పెద్దవి చేశాడు. అంత దగ్గరగా అతని మద్దెల అతనెప్పుడూ వినలేదు. "నా సెయ్యే ఇది" అన్నాడు, వేరే ఎవరితోనో అన్నట్టు.

"ఇప్పుడు లేచి నడు. గుమ్మం దాకా వెళ్లి రా."

నడిచాడు. మధ్యలో ఆగాడు. "ఇదేటిది? ఇక్కడ నాను కొట్టనేదే!" మళ్లీ రెండడుగులేసి, వైరు చూసుకుని, గుండీ చూసుకుని, దాన్ని పట్టుకుని టకటకా కొట్టి పెద్దగా నవ్వాడు. "మావా, గుండీ వాయిత్తన్నాది మావా మద్దెల!"

మావ కూడా చెవిలో పెట్టించుకుని విన్నాడు. జీడి సంగతి చెప్పాను. నా చెవిలోని మచ్చ చూపించాను. క్లిప్పు పెట్టి నడిచి చూపించాను. ఆయన తల ఊపాడు. "అయితే సెవి బాగానే ఉన్నాదన్నమాట" అన్నాడు.

బావ నవ్వు ఆపి కూర్చున్నాడు. "సెవి బాగుంటే సెయ్యి కూడా బాగున్నట్టే కదా బావా. ఆ మాట కూడా అనీ. ఆ రోజు అందరిలోనూ అన్నావు."

సైకిలు గురించి అతను ఒక మాట అంటాడేమోనని కాసేపు చూశాను. అనలేదు.

"నీ చెయ్యి బాగుంది" అన్నాను. "ఎడమ దెబ్బ సరిగ్గా పడుతోంది. అదనపు దెబ్బలు లేవు. నేను తప్పు విన్నాను."

"తప్పు ఇన్నావో, తప్పు సెప్పినావో" అన్నాడు కానీ, మెల్లగా అన్నాడు.

మావ లేవలేదు. తాళాలు పట్టుకున్నవాడికి కంటితో సైగ చేశాడు. వాడు వాటిని చేతికివ్వకుండా చాప మీద నా వైపు తోశాడు. ఇత్తడి చాప మీద గీసుకుంటూ వచ్చి నా మోకాలి దగ్గర ఆగింది. తాడు ముడి వాడు తన పద్ధతిలో మార్చుకున్నాడు. విప్పి మళ్లీ కట్టుకున్నాను. పదిమంది కాచుకుని కూర్చున్నారు.

టెక్కలిలో మాకు బహుమతి రాలేదు. వేరే ఊరివాళ్లకి వచ్చింది. అందులో నా తాళం తప్పు లేదు, ఆ రికార్డు నా దగ్గర ఉంది. ఆ సైకిలు మాటకి మా బావ ఈ రోజు వరకూ తప్పయిందనలేదు. నేనూ అడగలేదు. శనివారాలు ఇప్పటికీ పాడుకుంటాం. అతని ఎడం చెయ్యి బాగానే పడుతుంది. ఆ మాట అతనితో ఒకసారి అన్నాను, మళ్లీ అనలేదు.